బూర పలకని సోమవారం

బూర మోగింది. బొంగురుగా, దీర్ఘంగా, ఎక్కడో నీళ్ల అవతల మొదలై, మంచులో ఈదుకుంటూ వచ్చి చెవి పక్కనే ఆగింది. ఇన్‌స్పెక్టర్ బీహీ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

జాలర్ల సంఘం ఆఫీసు గదిలో ఉన్న ముగ్గురూ అతన్నే చూస్తున్నారు. ఎవరి మొహంలోనూ బూర విన్న జాడ లేదు. ఉండదు కూడా. ఇఫ్ని రేవులో పడవలను హెచ్చరించే మంచుబూర మూగబోయి చాలా ఏళ్లయింది. ఉపవాసపు మధ్యాహ్నాల్లో బీహీ చెవులకు ఇలా పోయిన శబ్దాలు తిరిగొస్తుంటాయి. రంజాను నెలలో తనకు సగం జీవితం కలలోనే గడుస్తుందని అతనికి తెలుసు. సిగరెట్లు లేకపోవడం వల్లనని అతను, బద్ధకం వల్లనని అతని భార్య అంటారు.

"కలగన్నారు," అన్నాడు సీ మహ్జూబ్ ఆప్యాయంగా. జాలర్ల సహకార సంఘానికి ఆయన అధ్యక్షుడు, పేరు ముందు 'సీ' అన్నది గౌరవానికి. తెల్లగడ్డం, మెత్తని మాట. "ఆ చెక్కపెట్టె మీద ఎందుకండీ, నడుం పట్టేస్తుంది. ఈ కుర్చీలోకి రండి."

"ఇక్కడే బాగుంది సీ మహ్జూబ్. వెనక గోడ చల్లగా హాయిగా ఉంది. కుర్చీలో కూర్చుంటే నిజంగానే నిద్రపోతాను."

"ఇప్పటిదాకా పోయింది ఉత్తుత్తి నిద్రా?" కిటికీ దగ్గర నుంచి అన్నాడు కెప్టెన్ బెర్రాదా.

బెర్రాదా కాసాబ్లాంకా నుంచి వచ్చినవాడు. కంప్యూటర్ నేరాల్లో ఆరితేరినవాడని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది కూడా ఎక్కువగా అతనే. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని, లాప్‌టాప్ సంచీని చంటిపిల్లలా ఎత్తుకుని తిరుగుతాడు. సోమవారం ఉదయం ఈ గదికి సీలు వేసింది అతనే. ఈ రోజు శుక్రవారం నమాజు అయ్యాక, బీహీ పట్టుబట్టి ఉత్తర్వు తెస్తే, మొహం మాడ్చుకుని తీశాడు.

"ఉపవాసం విడిచే వేళకి నేను అగాదిర్ పట్నంలో ఉండాలి. ఈ అమ్మాయి నా జీపులో ఉండాలి," అన్నాడు. "మీకు ఇంకేమైనా కలలు మిగిలి ఉంటే త్వరగా కనెయ్యండి."

ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పేరు ఇజ్జా. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర వైపు కాకుండా తన వేళ్ల వైపే చూసుకుంటోంది.

మంచుబూర పోయాక దాని పని ఈ కంప్యూటరుకు వచ్చింది. తెచ్చింది ఇజ్జాయే. రోజూ తెల్లవారకముందే స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి దానంతట అది లేచి డేటాబేస్‌ను తెరుస్తుంది. సముద్రంలో తేలే కొలతబుడ్డి పంపిన అలల ఎత్తును డేటాబేస్ చూస్తుంది. ప్రమాదం ఉంటే పడవలు నడిపే రాయిస్‌లందరి ఫోన్లకూ కబురు పంపుతుంది. మామూలు ఫోన్లు కావవి. సంఘం ఇచ్చిన బుల్లి ఫోన్లు, రబ్బరు సంచిలో పెట్టి మెడకు తగిలించుకునేవి. వారమైనా ఛార్జింగ్ అడగవు. సంఘం పంపిన కబురు తప్ప వాటికి ఇంకేమీ అందదు, ఎవరు పిలిచినా పలకవు. కబురొస్తే మాత్రం పాత మంచుబూర గొంతుతో అరుస్తాయి. ఆ గొంతును ఎక్కడో పాత టేపులో వెతికి పట్టుకుని వాటిలో ఎక్కించింది కూడా ఇజ్జాయే.

బూర పలికితే ఇంట్లో పడుకో, పలకకపోతే పడవెక్కు. రేవులో అందరికీ తెలిసిన కట్టుబాటు అది. అందులోనే పెద్ద లోపం ఉందని ఎవరికీ తట్టలేదు. సముద్రం మంచిగా ఉన్నా నిశ్శబ్దమే, యంత్రం చచ్చినా నిశ్శబ్దమే.

సోమవారం, ఉపవాసాల మొదటి రోజున, బూర పలకలేదు. అలలు మాత్రం ఇంటెత్తున లేచాయి. వెళ్లిన మూడు పడవల్లో రెండు చావు తప్పి కన్ను లొట్టపోయి తిరిగొచ్చాయి. మూడోది ఖాళీగా రాళ్ల మీద దొరికింది. అది రాయిస్ అబెల్లా పడవ. ఆ రోజు ఒంటరిగా వెళ్లాడన్నారు. శవం దొరకలేదు.

అబెల్లా ఇజ్జా తండ్రి.

అంతకు వారం ముందు చేపల బజారులో తండ్రీకూతుళ్లు గొడవపడ్డారు. "నీ యంత్రం ఏదో ఒక రోజు మమ్మల్ని ముంచుతుంది చూడు," అన్నాడు తండ్రి. "అయితే మునిగి చూపించు," అంది కూతురు. బజారంతా నవ్వింది. ఇప్పుడు ఆ బజారంతా బెర్రాదాకు సాక్షులే.

"మొదటి నుంచీ చెప్పండి కెప్టెన్," అన్నాడు బీహీ. "నేను మందబుద్ధివాణ్ని. నెమ్మదిగా చెప్పండి."

"చెప్పడానికేముంది? డిస్కు మొత్తం కాపీ తీశాను. నా లాప్‌టాప్‌లో స్క్రిప్టు నడిపాను. అది డేటాబేస్‌ను తెరిచింది, అలలు చూసింది, కబురు తయారుచేసింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. నిక్షేపంలా ఉన్న యంత్రం సరిగ్గా సోమవారమే నోరు మూసుకుందంటే, ఎవరో మూశారన్నమాట. తాళం చెవులు ఈమె దగ్గరున్నాయి, కోపమూ ఈమె దగ్గరే ఉంది. ఇక కలలెందుకు?"

బయట కిటికీ అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. ఓ జాలరి మొహం మంచులోంచి తేలింది. "సీ మహ్జూబ్! ఐసు గది ఎప్పుడు తెరుస్తారు? సోమవారం నుంచీ తాళమేనా? సార్డీన్ చేపలు కంపు కొడుతున్నాయి!"

"యంత్రం చెడిందయ్యా. బాగుచేసే మనిషి అగాదిర్ నుంచి రావాలి. ఓపిక పట్టు నాయనా," అని మహ్జూబ్ చేయి ఊపాడు. మొహం మళ్లీ మంచులోకి వెళ్లిపోయింది.

బీహీ గోడకు చేరగిలబడ్డాడు. చల్లదనం వీపులోకి పాకింది. కళ్లు వాలిపోతుంటే బలవంతాన నిలబెట్టుకున్నాడు.

"ఇజ్జా, నువ్వు చెప్పు తల్లీ. ఆ డేటాబేస్ తెరుచుకునేటప్పుడు దానికి అడ్డం పడేదేమైనా ఉందా?"

ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "ఉంది. ఒక ప్రశ్న."

"ఏం ప్రశ్న?"

"ఈ ఫైలులో దానంతట అది నడిచే ప్రోగ్రాం ఉంది, హాని చెయ్యొచ్చు, తెరవాలా వద్దా అని అడుగుతుంది. తెర మీద చిన్న పెట్టె వస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే నొక్కేస్తాడు. తెల్లారగట్ల స్క్రిప్టు తెరిస్తే నొక్కేదెవరు? అందుకని మొదట్లో స్క్రిప్టులోనే ఒక వాక్యం రాశాను. తెరిచే ముందు కాపలా దించెయ్యమని."

"విన్నారా!" బెర్రాదా ఒక్క అడుగులో ముందుకొచ్చాడు. "ఆటోమేషన్ సెక్యూరిటీని అట్టడుక్కి దించింది. ఆ పాత స్క్రిప్టు నా దగ్గరుంది. దొంగకి తలుపు తీసి దీపం కూడా పట్టింది!"

"పాతదని మీరే అంటున్నారు," అంది ఇజ్జా. మొదటిసారి ఆమె గొంతులో కాస్త పదును వినిపించింది. "కాపలా దించితే స్క్రిప్టు ఏ ఫైలు తెరిచినా ఇక అడగదు. అది తప్పని నాకే తోచింది. ఆ వాక్యం తీసేశాను. డేటాబేస్ ఉండే ఫోల్డర్ ఒక్కదాన్ని నమ్మకమైన చోటని సెట్టింగుల్లో చేర్చాను. అందులోంచి తెరిస్తే ప్రశ్న రాదు, ఇంకెక్కణ్ణుంచి తెరిచినా వస్తుంది."

"ఊరందరికీ తలుపు తియ్యకుండా, ఒక్క చుట్టానికే తీశావన్నమాట," అన్నాడు బీహీ.

"అంతే."

"సరే, ఇప్పుడు ఈ యంత్రం మీదే నడిపి చూపించు. కెప్టెన్ గారి లాప్‌టాప్ మీద కాదు."

బెర్రాదా ఏదో అనబోయి, ఉత్తర్వు గుర్తొచ్చి పళ్లు కొరుక్కున్నాడు. ఆధారం చెరిగిపోతుందని సోమవారం నుంచీ కంప్యూటరును ఆపకుండా అలాగే ఉంచింది అతనే. ఇజ్జా తన పేరుతో లోపలికి వెళ్లింది. స్క్రిప్టును నొక్కింది. డేటాబేస్ తెరుచుకుంది. ప్రశ్న లేదు, అడ్డు లేదు. ఇవాళ అలలు చిన్నవి, కబురు అక్కర్లేదని రాసి, దానంతట అదే మూసుకుంది.

ఇజ్జా మొహం పాలిపోయింది. అది చెడిపోయి ఉండాలని ఆమె ఎంతగా కోరుకుందో బీహీకి అప్పుడు తెలిసింది. యంత్రం బాగుంటే తండ్రిని తనే చంపినట్టు. ఆ లెక్క బెర్రాదా వేసింది కాదు, నాలుగు రోజులుగా ఆమె తనకు తానే వేసుకుంటున్నది.

"నేనేం చేశానో నాకే తెలియడం లేదు ఇన్‌స్పెక్టర్ గారూ," అంది. "మునగమన్నాను. మునిగాడు."

"తల్లీ, అలా అనకు," అన్నాడు మహ్జూబ్, ఆమె తల మీద చెయ్యి వేసి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఖాలీ ఉన్నాడు కదా నీకు."

ఖాలీ అంటే మేనమామ. రక్తసంబంధం కాదు. అబెల్లాతో కలిసి ఒకే పడవలో పెరిగినందుకు వచ్చిన వరస.

"ఇక లేద్దామా?" అన్నాడు బెర్రాదా గడియారం చూసుకుంటూ.

"కూర్చోండి కెప్టెన్. నాకు ఆ బూట్లు నిద్రపట్టనివ్వడం లేదు."

"మీకా? నిద్ర పట్టకపోవడమా?"

"రాళ్ల మీద దొరికిన పడవలో అబెల్లా రబ్బరు బూట్లున్నాయి. పైకప్పు కింద అరలో, పక్కపక్కనే, లోపల పొడిగా. పడవెక్కగానే ఆయన చేసే మొదటి పని బూట్లు వేసుకోవడం అని రేవంతా చెబుతోంది."

"పడవ తిరగబడబోతుంటే విప్పి దూకాడు. ఈతకి బూట్లు బరువు."

"ఇంటెత్తు అల మీదకొస్తుంటే బూట్లు విప్పి, మసీదు గుమ్మంలో పెట్టినట్టు ఒద్దికగా సర్ది, అప్పుడు దూకాడా? మీరైతే అలాగే చేస్తారేమో, చొక్కా కూడా మడిచి పెడతారు."

బెర్రాదా చెవులు ఎర్రబడ్డాయి. "మిగతా రెండు పడవల వాళ్లూ ఆయన దీపం చూశారు!"

"దీపం చూశారు. మనిషిని చూశామని ఒక్కరూ అనలేదు."

కిటికీకి అవతల మంచు కదలకుండా నిలబడి ఉంది. పడవ దీపం ఒక్కటే, మనిషి లేకుండా, ఆ తెల్లదనంలో తేలిపోతున్నట్టు బీహీకి కనిపించింది. కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటేనే అతనికి ఆలోచనలు తెరుచుకుంటాయి. చీకటి గది, వెలుగుతున్న తెర, తెర ముందు ఖాళీ కుర్చీ. ఎవరో ఏదో అడుగుతున్నారు. జవాబిచ్చే మనిషి లేడు. అడిగినవాడు కూడా మనిషి కాదు. అయినా అడుగుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు తెరిచింది ఎవరు?" అన్నాడు కళ్లు మూసుకునే.

"నేనే," అంది ఇజ్జా అయోమయంగా.

"సోమవారం తెల్లారగట్ల?"

"ఎవరూ కాదు. టాస్క్ అని ఉంటుంది. ఫలానా వేళకి స్క్రిప్టును లేపమని యంత్రానికి చెప్పి పెడతాం."

"లేపేది యంత్రమే సరే. ఎవరి పేరు మీద లేపుతుంది? బ్యాంకులో సంతకం లేకుండా పని జరగనట్టే ఇక్కడ కూడా ఏదో పేరుండాలి కదా?"

"ఫజ్ర్, అంటే తెల్లవారుజాము, అని ఒక అకౌంట్ పెట్టాను. మనిషి లేని పేరు. దాని పేరు మీద..." ఆమె మాట ఆగిపోయింది.

"నువ్వు చేర్చిన నమ్మకం, ఆ ఫోల్డర్‌ది, అది యంత్రం మొత్తానికా? పేరు పేరుకీ వేరువేరా?"

ఇజ్జా లేచి నిలబడింది. "వేరువేరు! నా పేరులో చేర్చాను. ఫజ్ర్ పేరులో చేర్చాను. ఇంకెవరి పేరు మీద తెరిచినా ప్రశ్న వస్తుంది." ఆమె వేళ్లు అప్పటికే కీబోర్డు మీద పరుగెడుతున్నాయి. టాస్కుల జాబితా వచ్చింది. తెల్లవారుజాము టాస్కు మీద నొక్కింది. ఎవరి పేరు మీద నడవాలో రాసి ఉన్న చోట వేలు ఆగింది.

అక్కడ ఫజ్ర్ అని లేదు. మహ్జూబ్ అని ఉంది.

ముందుగా తేరుకున్నది బీహీయే. "కెప్టెన్, మీ లాప్‌టాప్‌లో ఆ ప్రశ్న ఎందుకు రాలేదు?"

"నా పరీక్షల యంత్రంలో భద్రతా సెట్టింగులన్నీ దించే ఉంటాయి. లేకపోతే పని సాగదు," అన్నాడు బెర్రాదా గొంతు తగ్గించి.

"బాగుంది. కుక్క మూతి కట్టేసి, మొరగలేదు కాబట్టి దొంగ రాలేదన్నారు."

మహ్జూబ్ కుర్చీలో కూలబడ్డాడు. "నేనే మార్చాను," అన్నాడు. "ఆదివారం సాయంత్రం నెలవంక కనిపించింది. తెల్లవారితే రంజాను. తెల్లారకముందు సహూర్ భోజనం తిన్న వెంటనే పడవలు కదులుతాయి కాబట్టి బూర రోజూకంటే ముందే పలకాలి. ప్రతి ఏడూ అమ్మాయే వేళ మార్చేది. ఈసారి వాళ్లమ్మ కంటి ఆపరేషన్ అని అగాదిర్‌లో ఉంది. నేనే ముందుకి జరిపాను. మధ్యలో పాస్‌వర్డ్ అడిగింది. నాది కొట్టాను. తప్పా?"

"వేళ మార్చేటప్పుడు పేరు కూడా మారిపోయింది ఖాలీ," అంది ఇజ్జా నెమ్మదిగా. "మీ పేరులో ఆ ఫోల్డర్ మీద నమ్మకం లేదు. అందుకే ఆగి, అడిగి ఉంటుంది."

"యా రబ్బీ, దేవుడా! అంటే నా చేతులతోనే అబెల్లాని..." ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి.

ఇజ్జా వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నాలుగు రోజుల నుంచి గుండె మీదున్న బండ పక్కకు జరిగింది. అది ఇప్పుడు ఇంకొకరి గుండె మీదకు దొర్లడం ఆమె చూడలేకపోయింది. "మీకు తెలీక జరిగింది. నాన్న ఉంటే మిమ్మల్ని ఏమీ అనేవాడు కాదు," అంది. వాళ్లను చూడకుండా బెర్రాదా లాప్‌టాప్ సంచీ సర్దుకున్నాడు.

"పొరపాటు. నేరం కాదు," అన్నాడు అయిష్టంగా. "ఆ రాత్రి అమ్మాయి ఊళ్లో ఉండి ఉంటే ఈ గొడవే లేదు. నాకిక్కడ పని లేదు."

అందరి మనసూ తేలికపడింది, ఒక్క బీహీది తప్ప. ఆ పొడి బూట్లు అతన్ని వదలడం లేదు.

"ఇజ్జా, ఆ ప్రశ్న అడిగాక ఎవరూ జవాబివ్వకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. అలాగే నిలబడి ఉంటుంది. అది తేలేదాకా టాస్కు మళ్లీ మొదలవ్వదు, ఇందాక నేను చేత్తో నడిపింది వేరు. అందుకే సోమవారం తర్వాత ఇంకే కబురూ వెళ్లలేదు." ఆమె మహ్జూబ్ వైపు తిరిగింది. "ఖాలీ, ఆదివారం పని అయ్యాక మీ అకౌంట్ మూశారా?"

"ముయ్యడం నాకేం తెలుసు తల్లీ. తెర ఆపి ఇంటికెళ్లాను."

"అయితే అది ఇంకా ఉంది," అంది ఇజ్జా గుసగుసగా. "నా తెర వెనకాల, మీ పేరులో. సోమవారం నేను బస్సు దిగి నేరుగా వచ్చి నా పేరుతో తెరిచాను. దాని వెనకాలే ఉంది. నేను చూడలేదు."

మహ్జూబ్ ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. తెర ఒక క్షణం నల్లబడి, మళ్లీ వెలిగింది. నీలం రంగు మీద, సరిగ్గా మధ్యలో, చిన్న బూడిదరంగు పెట్టె ఉంది. ఈ ఫైలు సురక్షితం కాకపోవచ్చు. తెరవాలా? వద్దా?

సోమవారం తెల్లారగట్ల అడిగిన ప్రశ్న. ఊరంతా సహూర్ తిని మళ్లీ ముసుగుతన్నిన వేళ, అలలు రేవు గోడ మీదకు ఎక్కుతున్న వేళ, ఖాళీ గదిలో ఖాళీ కుర్చీని అడిగింది. మనుషులు వచ్చారు, ఏడ్చారు, సీలు వేశారు, సాక్ష్యాలు రాసుకున్నారు. అది మాత్రం విసుగు లేకుండా జవాబు కోసం చూస్తూనే ఉంది. బీహీకి తన కల గుర్తొచ్చింది. ఇంకా కలలోనే ఉన్నానేమో అనిపించి, గోళ్లతో అరచెయ్యి గిచ్చుకున్నాడు.

"ముట్టుకోవద్దు. ఆధారం," అని బెర్రాదా గబగబా ఫోటోలు తీశాడు.

"తీశారుగా. ఇక నొక్కు తల్లీ," అన్నాడు బీహీ.

"వద్దు!" అన్నాడు మహ్జూబ్.

మెత్తని మనిషి గొంతు అంత గట్టిగా లేచేసరికి ముగ్గురూ తిరిగి చూశారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "అంటే... శుక్రవారం పూట, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇప్పుడు బూర పలికితే రేవంతా హడలిపోతుంది. పోయినవాడు ఎలాగూ రాడు. వద్దు అని నొక్కి మూసెయ్ తల్లీ."

ఇజ్జా ఆయన్ని చూసింది. తెరను చూసింది.

"ఇది నాన్నకు వెళ్లాల్సిన మాట ఖాలీ," అంది. "ఆలస్యమైనా వెళ్లాలి." తెరవమని నొక్కింది.

డేటాబేస్ విచ్చుకుంది. సోమవారం లేచిన స్క్రిప్టు కాబట్టి అది చూసింది సోమవారం కొలతే; ఆ నాటి అలల ఎత్తు ఎర్రగా కనిపించింది. కబురు వెళ్లినట్టు ఒక వరస కదిలింది. ఆ తర్వాత, ఇఫ్ని రేవు పొడవునా మంచుబూరలు మేల్కొన్నాయి. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల మెడల్లో, మసీదు మెట్ల మీద, ఉపవాసం విడిచేందుకు హరీరా సూపు కాగుతున్న వంటిళ్లలో, ఒకదాని వెనక ఒకటి, చచ్చిపోయిన బూర వంద గొంతులతో లేచి అరిచింది. తలుపులు తెరుచుకున్నాయి. "ఏమైంది? సముద్రం అద్దంలా ఉంది కదా!" అని ఎవరో కేకేశారు.

ఒక బూర మాత్రం బయట నుంచి రాలేదు.

అది గదిలోనే పలికింది. బొంగురుగా, దీర్ఘంగా. బీహీ తొడల కింద చెక్క సన్నగా వణికింది. ఈసారి కల కాదు. ఈసారి అందరూ విన్నారు.

అతను మెల్లగా లేచి, మధ్యాహ్నం నుంచీ తను కూర్చున్న పెట్టె వైపు చూశాడు. దానికి ఇత్తడి తాళం వేలాడుతోంది. కుర్చీలోకి రమ్మని ఎంత ఆప్యాయంగా పిలిచాడు సీ మహ్జూబ్!

"ఇందులో ఏముంది?"

"జెండాలు. పాత జెండాలు," అన్నాడు మహ్జూబ్.

"జెండాలు బూరలూదుతాయా? తాళంచెవి ఇవ్వండి."

ఆయన కదల్లేదు. బెర్రాదా ముందుకొచ్చి, నలగని చొక్కా నలుగుతున్నా చూసుకోకుండా, బూటు కాలితో తాళాన్ని ఒక్క తన్ను తన్నాడు. రెండో తన్నుకి కొక్కెం ఊడింది. మడిచిన జెండాల మీద, హడావిడిగా తోసేసినట్టు, రబ్బరు సంచిలో బుల్లి ఫోను పడి ఉంది. మెడతాడు తెగి ఉంది. ఎరుపూ పసుపూ ఉన్నితో అల్లిన తాడు అది.

"ఇది నేను అల్లింది," అంది ఇజ్జా.

బీహీకి ఒక్కొక్కటే తేటపడింది. సోమవారం అబెల్లా పడవెక్కలేదు. అలలు చూశాడు. బూర కోసం ఎదురుచూశాడు. పలకలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఊరంతా నమ్మింది, అతనొక్కడే నమ్మలేదు. తన కూతురు యంత్రం ఇంత సముద్రాన్ని చూసి ఊరుకోదని, దానికేదో అయిందని చెప్పడానికి ఇక్కడికి నడిచొచ్చాడు. బజారులో ఎన్ని మాటలన్నా, అతను నమ్మింది కూతురినే. వచ్చి, చూడకూడనిది ఏదో చూశాడు, అదేమిటో ఇంకా తేలాలి. ఆ తర్వాత ఎవరో అతని పడవకు దీపం పెట్టి, కట్టు విప్పి, మంచులోకి తోసేశారు. ఇజ్జా బస్సు దిగి వచ్చింది, కెప్టెన్ సీలు వేశాడు. పెట్టెలోది తీసుకోవడానికి మళ్లీ వీలు చిక్కలేదు.

"ఖాలీ," అంది ఇజ్జా. ఆమె అరవలేదు. చిన్నప్పుడు దారి తప్పి అడిగినట్టు అడిగింది. "మా నాన్న ఎక్కడ?"

కిటికీ అవతల, బూర విని పరుగెత్తుకొచ్చిన జాలర్లంతా సముద్రం వైపే చూస్తున్నారు. బెర్రాదా కూడా అటే చూశాడు. సీ మహ్జూబ్ ఒక్కడే అటు చూడలేదు. ఆయన చూపు ఒక్క క్షణం పెట్టె వెనకున్న గోడ మీదకు వెళ్లి, దొరికిపోయినట్టు కింద పడింది.

బీహీ ఆ గోడకు అరచెయ్యి ఆనించాడు. యంత్రం చెడిందని నాలుగు రోజులుగా మహ్జూబ్ తాళం వేసి ఉంచిన ఐసు గది అవతలే ఉంది. గోడ మాత్రం మంచుగడ్డలా చల్లగా ఉంది.